పరదేశపు పొలము, మన రేగడి

నిరుడు పరీక్షలు ముగిసిన దినములలో, డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థి ఒకడు మా ప్రయోగశాలకు వచ్చినాడు. వాని ఊరు ఆసిఫాబాదు వైపు. తండ్రికి నాలుగెకరముల నల్లరేగడి ఉన్నది. పత్తి వేయుదురు, సాళ్ళ మధ్య కంది.

"సార్, యూరపుల సేంద్రియ తోటలున్నయట. దినాం ఐదు గంటలు పని చేస్తె తిండి పెట్టి, ఉండెతందుకు అర్ర ఇస్తరట. అక్కడి వ్యవసాయం నేర్చుకోవచ్చట. మా నాయన ఎకరం అమ్మి పంపుత అంటున్నడు. పోవాల్నా?"

ఎకరము అమ్మకముతో ముడిపడిన ప్రశ్న కావున నేను వెంటనే జవాబు చెప్పలేదు. వారము గడువడిగితిని. ఆ వారములో చదివినదియు, పిదప వానితో కలిసి చేసి చూచినదియు ఇక్కడ వ్రాయుచున్నాను. ఉత్తర తెలంగాణ ఉపాధ్యాయులు ఇట్టి ప్రశ్నను నేడో రేపో వినకపోరు.

విదేశపు పొలములో అన్నమునకు పనిచేయు ఈ పద్ధతి 1971లో ఇంగ్లండులో పుట్టినది. లండనులో కార్యదర్శిగా ఉద్యోగము చేయుచుండిన స్యూ కొప్పార్డు అను యువతికి సెలవు దినములలో పల్లెకు పోవలెనని కోరిక. పోవుటకు పల్లెలో బంధువులు లేరు. ఆమె ససెక్సు ప్రాంతములోని ఎమర్సన్ కళాశాల వారి పొలములో ఒక వారాంతము పనిచేయుటకు అనుమతి సంపాదించినది. ఆమెతోకూడ వెళ్ళినవారు నలుగురే. ఆ చిన్న ప్రయత్నము నేడు నూటికి మించిన దేశములలో అల్లుకొన్నది. మన దేశములోను ఉన్నది. 'సేంద్రియ పొలములలో పనిచేయు వారాంతములు' అను అర్థమిచ్చు ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరములను కలిపి దానిని 'వూఫ్' అని పిలిచిరి. పేరు విస్తరింపు తరువాత మారినను పొట్టిపేరు నిలిచిపోయినది.

ఏర్పాటు సులభమైనది. సభ్యత్వపు రుసుము చెల్లించినవారికి పొలముల పట్టిక ఇత్తురు. సేవకుడు ఒక పొలమును ఎంచుకొని యజమానికి ఉత్తరము వ్రాయును. ఇరువురికి సమ్మతమైనచో కొన్ని వారములు అక్కడ ఉండును. దినమునకు నాలుగు నుండి ఆరు గంటలు పని. ప్రతిగా భోజనము, వసతి, నేర్చుకొను అవకాశము. జీతము లేదు. ఈ చివరి మాటను రెండుమారులు చదువవలెను. విమానపు ఛార్జీ, వీసా రుసుము, వైద్యబీమా, దారి ఖర్చులు అన్నియు సేవకునివే. సంపాదన రూపాయి ఉండదు. అమ్మిన ఎకరము తిరిగి రాదు.

ఇక నేర్చుకొనునదేమి? అక్కడికి పోయినవాడు ఎక్కువ కాలము చేయునది కలుపు తీయుట, కోత కోయుట, ఎరువుకుప్పను తిరుగవేయుట. మొదటి రెండు మనవారికి ఎవరును నేర్పనక్కరలేదు. మూడవది మాత్రము ఆలోచింపదగినది. ఆ కుప్ప వంశవృక్షమును వెదకిన యెడల దారి తిరిగి తిరిగి మన నల్లరేగడికే వచ్చును!

ససెక్సులోని ఆ మొదటి పొలము రుడాల్ఫ్ స్టైనర్ అను ఆస్ట్రియా దేశపు తత్త్వవేత్త 1924లో చేసిన ఉపన్యాసముల దారిలో నడచునది. ఆ పద్ధతిలో నమ్మకము పాలు హెచ్చు. దానిని విజ్ఞానశాస్త్రమని నేను పాఠము చెప్పజాలను. కాని బ్రిటనులోని సేంద్రియ వ్యవసాయమునకు మరియొక బలమైన వేరు కలదు. ఆల్బర్ట్ హోవర్డు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో మన దేశమునకు వచ్చి, బీహారులోని పూసాలో పనిచేసి, 1924 నుండి 1931 వరకు ఇందూరు నగరములోని వృక్షపరిశోధన సంస్థకు అధిపతిగా ఉండెను. (ఇది మాళవదేశపు ఇందూరు. నిజామాబాదునకు గల పాత పేరుతో పొరబడరాదు.) అది ముఖ్యముగా పత్తి కొరకు ఏర్పడిన సంస్థ. అక్కడి నేల దక్కను రాతిపొరలు, అనగా నల్లశిల చివికి ఏర్పడిన రేగడి. ఆదిలాబాదు, నిర్మల్, ఆసిఫాబాదు వైపు పత్తి పండించు రేగడియు చాలవరకు ఆ శిలనుండి పుట్టినదే. కరీంనగరు, జగిత్యాల వైపు నేల వేరు. అక్కడ కణశిలనుండి పుట్టిన ఎర్రచెలకలు హెచ్చు, నడుమ నడుమ రేగడి.

హోవర్డు రైతులు చేయు పనులను శ్రద్ధగా గమనించినవాడు. పైరునకు పట్టు చీడపురుగులు, పొలములోని రైతు - ఈ ఇద్దరును తన గురువులని చెప్పుకొన్నవాడు. ఆయన యశ్వంత్ వాడ్ అను సహోద్యోగితో కలిసి, పొలములోని చెత్తను, పేడను, పశువుల మూత్రము ఇంకిన కొట్టపుమట్టిని, బూడిదను పొరలు పొరలుగా పేర్చి, నిర్ణీతకాలములలో తిరుగవేసి, సుమారు మూడు నెలలలో ఎరువు చేయు విధానమును క్రమపరచెను. 1931లో ఇరువురు దానిని గ్రంథముగా ప్రకటించిరి. ఇదియే 'ఇందూరు పద్ధతి'. హోవర్డు స్వదేశమునకు మరలిన తరువాత, 1940లో వెలువడిన ఆయన గ్రంథము అనేకులను కదిలించెను. 1946లో బ్రిటనులో మృత్తికా సంఘము స్థాపించిన ఈవ్ బాల్ఫోరు వారిలో ఒకరు.

కాబట్టి పరదేశపు తోటలో మన విద్యార్థి పారతో తిరుగవేయు కుప్ప తాతముత్తాతల కాలమున రేగడిపై పుట్టినదే కావచ్చును. అయినచో మన ఇంటిముందరి పెంటకుప్పకును దానికిని భేదమేమి? భేదము లెక్కలో ఉన్నది. విద్యార్థులు నేర్వవలసినది ఆ లెక్కయే.

కుప్పను ఎరువుగా మార్చునవి సూక్ష్మజీవులు. వాని శరీరములలో పది పాళ్ళ కర్బనమునకు సుమారు ఒక పాలు నత్రజని ఉండును. కాని అవి తినిన కర్బనమంతయు శరీరముగ మారదు. ఇంచుమించు మూడింట రెండు వంతులు శ్వాసలో బొగ్గుపులుసు వాయువుగా వెలికి పోవును. అనగా పది పాళ్ళు ఒంటబట్టుటకు ముప్పది పాళ్ళు తినవలెను. ఈ కారణము చేతనే కుప్పలో కర్బనము, నత్రజని ముప్పదికి ఒకటి చొప్పున ఉండవలెనని చెప్పుదురు. కర్బనము మిక్కిలి హెచ్చినచో సూక్ష్మజీవులకు నత్రజని చాలక పని మందగించును. నత్రజని హెచ్చినచో మిగిలినది అమ్మోనియాగా గాలిలో కలియును. కొట్టములో ముక్కు మండించు వాసన అదియే. ఎరువుగా ఉండవలసిన ధనము వాసనగా పోవుచున్నదన్నమాట.

లెక్క సులభమగుటకు పత్తికట్టెలో ఈ నిష్పత్తి 70 అనియు, పేడలో 20 అనియు అనుకొందము. ఎండు లెక్కన పత్తికట్టె ముక్కలు 10 కిలోలు తీసికొనిన, అందులో కర్బనము 4.2 కిలోలు, నత్రజని 60 గ్రాములు. పేడ 10 కిలోలలో కర్బనము 3 కిలోలు, నత్రజని 150 గ్రాములు. రెంటిని కలిపిన కర్బనము 7,200 గ్రాములు, నత్రజని 210 గ్రాములు. భాగించిన 34 వచ్చును. మూత్రము ఇంకిన కొట్టపుమట్టి నాలుగు తట్టలు వేసిన ముప్పదికి దిగును. ఇక్కడ విద్యార్థులు తప్పక పొరబడు చోటు ఒకటున్నది. పచ్చిపేడలో అయిదింట నాలుగు వంతులు నీరే. ఎండు లెక్కన 10 కిలోలనగా పచ్చిపేడ 50 కిలోలు. మా తరగతిలో నలుబది మందిలో ముగ్గురు మాత్రమే దీనిని అడుగకుండ పట్టుకొనిరి.

కుప్ప పరిమాణము కూడ లెక్కయే. సూక్ష్మజీవుల శ్వాసవలన వేడి పుట్టును. అరమీటరు ఘనాకారపు కుప్పకు ఉపరితలము 1.5 చదరపు మీటర్లు, ఘనపరిమాణము 0.125 ఘనపు మీటర్లు; నిష్పత్తి 12. ఒకటిన్నర మీటర్ల కుప్పకు ఆ నిష్పత్తి 4 మాత్రమే. చిన్నకుప్ప పుట్టిన వేడినంత వెలుపలికి పోగొట్టుకొనును, పెద్దకుప్ప దాచుకొనును. 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కొన్ని దినములు నిలిచిన యెడల కలుపు గింజలు, రోగకారకములైన క్రిములు చాలవరకు నశించును. కుప్ప లోపలిభాగమునకు మాత్రమే ఆ వేడి తగులును గనుక, వెలుపలిది లోపలికి పోవునట్లు తిరుగవేయవలెను. అట్లు చేయునప్పుడు ప్రాణవాయువు కూడ అందును. మన పెంటదిబ్బను ఏడాదిపాటు ఎండకు, వానకు వదలివేయుదుము. వేడి నిలువదు, వాన నీటితో నత్రజని కొట్టుకొనిపోవును, అందులోని కలుపు గింజలు బండిమీద పొలమునకు చేరును.

ఇక పత్తికట్టె సంగతి. ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలో పత్తి ఏరుట ముగిసిన పిదప కట్టెను పీకి, కొంత పొయ్యిలోనికి తీసికొని, మిగిలినదానిని చేనిలోనే తగులబెట్టుదురు. కాల్చిన కట్టెలో పొటాషు, సున్నము బూడిదగా మిగులును. నత్రజని, కర్బనము గాలిపాలగును. కాల్చుట ఎందుకని రైతును నిందించుట సులభము. కట్టె గట్టిది, త్వరగా చివుకదు, తరువాతి దుక్కికి అడ్డము. పైగా ఎండిన కాయలలో గులాబీరంగు పురుగు దాగియుండును గనుక కట్టెను గట్టున పేర్చి ఉంచుటయు ప్రమాదమే. హోవర్డునకు ఇందూరులో ఇదే చిక్కు వచ్చినది. ఆయన చేసినదేమి? పత్తికట్టెను, కందికట్టెను పొలములోని బండ్లబాటపై పరపించెను. ఎడ్ల డెక్కలు, బండి చక్రములు దానిని నలిపి పీచు చేసినవి. ఆ పీచు పశువుల కింద పరుపుగా పోయి, మూత్రము పీల్చుకొని, కుప్పకు చేరినది. నేడు ట్రాక్టరుకు తగిలించి కట్టెను ముక్కలు చేయు యంత్రములున్నవి. లేనిచోట ట్రాక్టరు చక్రములే చాలును.

నలిపిన కట్టెను కుప్ప వేయక నేరుగా దున్నిన నేమి? దున్నవచ్చును, కాని విత్తు సమయమునకు చాల ముందుగా. లేనిచో సూక్ష్మజీవులు కట్టెను తినుటకు కావలసిన నత్రజనిని నేలనుండి లాగుకొనును. మొలచిన పైరు పసుపుబారును. పైరునకు జబ్బు అనుకొని మందు కొట్టినవారిని నేనెరుగుదును.

విదేశపు పాఠమును యథాతథముగ తెచ్చి మన చేనిలో దింపరాదనుటకు మరియొక కారణము ఉష్ణోగ్రత. ఇంగ్లండు దక్షిణభాగమున సంవత్సరపు సగటు సుమారు 10 డిగ్రీలు. ఆదిలాబాదులో సుమారు 27. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడు జీవరసాయన చర్యల వేగము రమారమి రెట్టింపగును. 17 డిగ్రీల భేదమునకు మూడు రెట్లు దాటును. తేమ ఉన్నంతకాలము మన నేలలో వేసిన ఎరువు అక్కడికంటె అన్ని రెట్లు వేగముగ కరగిపోవును. వేసవిలో తేమ లేక సూక్ష్మజీవులు నిద్రించును గనుక కొంత దక్కుచున్నది. రేగడిలోని సన్నని బంకమట్టి రేణువులు మరికొంత పట్టి ఉంచుచున్నవి. అయినను మన చేలలో సేంద్రియ కర్బనము అనేకచోట్ల వందకు అర భాగము కూడ ఉండదు.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనాకేంద్రములో బ్రాడ్‌బాక్ అను క్షేత్రమున్నది. అక్కడ 1843 నుండి గోధుమపై ఎడతెగని ప్రయోగము జరుగుచున్నది. ఒక మడికి ప్రతి ఏట హెక్టారుకు 35 టన్నుల చొప్పున పశువుల ఎరువు వేయుచు వచ్చిరి. ఏ ఎరువును వేయని మడితో పోల్చిన, దానిలోని సేంద్రియ కర్బనము రెట్టింపునకు మించినది. కాని ఆ పెరుగుదలకు తరములు పట్టినవి. చలిదేశములోనే ఇట్లున్న, ఒకసారి మంచి ఎరువు వేసి నేల బాగుపడినదనుకొనుట మన ఎండకు చెల్లదు. మనము కొద్దికొద్దిగా, ఏటేట వేయవలెను. కుప్పకు వాడు చెత్తను నేలమీద కప్పుగా పరచుట అక్కడి తోటలలో ఇంకొక అలవాటు. అక్కడ ఆ తడి కప్పు కింద చిప్పలేని నత్తలు చేరి లేతమొక్కలను కొరుకునని విసుగుకొందురు. మన దగ్గర చేరునవి చెదలు. శత్రువు మారినప్పుడు పద్ధతియు మారవలెను.

ఇంతవరకు నేల సంగతి. కాగితముల సంగతి చెప్పకున్న సగమే చెప్పినట్లగును. మన ప్రాంతమునకు ఈ మాట పుండుమీద చేయి వేసినట్టిది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలనుండి దశాబ్దములుగా గల్ఫు దేశములకు పోవుచున్నారు. సందర్శక వీసామీద పోయి పనిలో చేరి, కాగితములు చెల్లక 'ఖల్లివెల్లి' అయినవారి కథ లేని మండలము లేదు. జీతము లేనిది గనుక పొలములో సేవకు పని వీసా అక్కరలేదని పలువురు భ్రమపడుదురు. అనేక దేశముల చట్టము దృష్టిలో పనికి బదులుగా పెట్టిన అన్నము, ఇచ్చిన గది కూడ ప్రతిఫలమే. బ్రిటనులో సందర్శకులు నమోదైన ధర్మసంస్థలో 30 దినములకు మించకుండ స్వచ్ఛందసేవ చేయవచ్చును. ప్రైవేటు యజమాని పొలములో అన్నమునకు పనిచేయుటను ఆ వెసులుబాటు కప్పదు. ఆస్ట్రేలియాలో, సెలవులతో పని కలిపిన వీసామీద వచ్చిన యువకులకు పొలములో జీతములేని పనిని కూడ రెండవ ఏటి వీసాకు అర్హతగా లెక్కించుచుండిరి. ఆ పేరుతో ఉచిత కూలీ దండుకొనుచున్నారని తేలి, 2015 చివర ఆ లెక్కను మానివేసిరి. మన దేశస్థులలో 18 నుండి 30 ఏండ్లవారికి 2024 నుండి ఆస్ట్రేలియా ఇట్టి వీసాలు ఏటా 1,000 ఇచ్చుచున్నది. లాటరీలో పేరు రావలెను. ఆ వీసాతో జీతము తీసికొని పొలములో పనిచేయుట చట్టసమ్మతము. ఉచితసేవకంటె ఇది మన పిల్లలకు మేలని నా అభిప్రాయము.

కావున ఏ దేశమైనను, ఆ దేశపు రాయబార కార్యాలయమువారి నిబంధనలను స్వయముగా చదువవలెను. జీతము లేని పని ఇప్పించుటకు వేలు, లక్షలు అడుగు ఏజెంటును గడప తొక్కనీయరాదు. యజమానికి వ్రాయు మొదటి ఉత్తరములోనే దినమునకు గంటలెన్ని, వారమునకు సెలవెన్ని, పడుకొను చోటేది, గాయమైన ఖర్చెవరిది అని అడుగవలెను. అడిగినందుకు నొచ్చుకొను యజమాని పొలమునకు పోకుండుటే మంచిది.

మా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: ఎకరము అమ్మరాదు. ముందు దగ్గరి పొలములు చూడుము. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు సమీపమున బిడకన్నెలో అరణ్య సంస్థవారి పొలమున్నది. 2017 నవంబరు చివర అంతర్జాతీయ పర్మాకల్చరు సమ్మేళనము జరిగినది అక్కడనే. మనము పోవలెనని ఆశించు దేశములవారే అక్కడికి నేర్చుకొన వచ్చిరి. మీ ఆదిలాబాదులోనే 2004 నుండి చేతన ఆర్గానిక్ వారు సేంద్రియ పత్తి రైతులను కూడగట్టి పనిచేయుచు వచ్చిరి. మీ నాయనగారి మట్టిని జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రములోనో, ఆదిలాబాదు కేంద్రములోనో పరీక్ష చేయించి, కర్బనమెంతయో వ్రాసికొనుము. తరువాత కుప్ప వేయుము.

వాడు మొదట మొగము ముడుచుకొన్నాడు. విమానమెక్కుదునని వచ్చినవానిని పెంటకుప్ప వేయుమంటినిగదా! అయినను వేసినాడు. పత్తికట్టెను ఇంటిబాట మీద పరచినందుకు ఇరుగుపొరుగువారు రెండు దినములు తగవాడిరట. నలిగిన కట్టెతో, పేడతో ఒకటిన్నర మీటర్ల ఎత్తున కుప్ప పేర్చి, నడుమ ఇనుప చువ్వ గ్రుచ్చినాడు. నాలుగవనాడు చువ్వ తీసి పట్టుకొనబోయి వదలివేసినానని ఫోనులో చెప్పినాడు, అంత వేడి. పదియవనాటికి చల్లబడినది. భయపడి అడిగిన, లోపల తడి చూడుమంటిని. పిడికిట పిండిన రెండు మూడు చుక్కలు రావలెను; ఒక్కటియు రాలేదు. ఎండకు నీరు ఆవిరియైనది. నీళ్ళు చల్లి తిరుగవేయగా మరల వేడెక్కినది. ఇంగ్లండులో వాన ఎక్కువై కుప్పను కప్పవలసి వచ్చును, ఇక్కడ ఎండ ఎక్కువై కప్పవలసి వచ్చును. మోదుగాకు, పాత గోనెసంచులు దానికి సరిపోయినవి.

వానాకాలము ముందు ఆ ఎరువును అరయెకరమునకు వేసి, మిగిలిన అరయెకరమును ఆనవాలు కొరకు వదలినారు. రెండు ముక్కలలోను పత్తియే. ఒక్క పంటతో తేల్చరాదని, మూడేండ్లు తూకము వేసి వ్రాసి ఉంచుమని చెప్పితిని. వాని పాస్‌పోర్టు ఈ మధ్యనే వచ్చినది. ఆస్ట్రేలియా లాటరీకి దరఖాస్తు పెట్టుదునని అన్నాడు. తాను వెళ్ళిననాడు తూకము తాను వేయుదునని వాని చెల్లెలు, పదవ తరగతి పిల్ల, నోటుబుక్కు ఇప్పటికే అడిగి తీసికొన్నది.